నేలకి అప్పజెప్పిన బరువు

1981 అక్టోబర్ 6, మంగళవారం

గొంతు పోయింది. జలుబు లేదు, జ్వరం లేదు. మధ్యాహ్నం డ్యూటీ దిగుతూ, వచ్చిన నర్సుకి నా పేషెంట్ల సంగతి చెబుతుంటే మధ్యలో మాట ఆగిపోయింది. పెదాలు కదులుతున్నాయి, గాలి వస్తోంది, శబ్దం లేదు. మిగతాదంతా చార్ట్ మీద వేలు పెట్టి చూపించాను.

ఇంటికొచ్చేసరికి ఆయన పెయింట్ కంపెనీకి బయల్దేరుతున్నారు. నాది పగలు, ఆయనది సాయంత్రం. మేమిద్దరం కలిసేది అపార్ట్‌మెంట్ పార్కింగ్ లాట్‌లో, ఒక కారు లోపలికొస్తుంటే ఇంకో కారు బయటికి పోతూ. చెయ్యి ఊపాను. ఆయన చూడలేదనుకుంటా.

బెకీ స్కూల్ నుంచి వచ్చి ఏదో చెప్పింది. నేను పలకకపోతే మళ్ళీ చెప్పింది. "అమ్మా, నీకు నా మీద కోపమా?" అని అడిగింది. తల అడ్డంగా ఊపాను. నమ్మలేదు.

మాట్లాడలేనివాళ్ళు రాసుకోవాలి. అందుకని ఇది.

అక్టోబర్ 9

రాలేదు. ఉప్పునీళ్ళు, మిరియాల పాలు, తేనె.

అక్టోబర్ 11, ఆదివారం

చర్చిలో పాట ఎత్తాల్సింది నేను. అమెరికన్ల చర్చి బేస్‌మెంట్ అద్దెకి తీసుకుని కూడుకునే నాలుగు తెలుగు కుటుంబాలం. ఎత్తేవాళ్ళు లేకపోతే పాట లేవదు. జ్ఞానమ్మ అక్క ఎత్తింది. మరీ కిందనుంచి మొదలుపెట్టింది, రెండో చరణానికి అందరూ ఆగిపోయారు. పాస్టర్ ప్రేమానందం అయ్యగారు నా తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. మా ఆయన పక్కనే నించుని నేలకేసి చూస్తున్నారు.

కార్‌లో, "నొప్పిగా ఉందా?" అని అడిగారు. లేదన్నట్టు సైగ చేశాను. అంతే. ఇల్లు వచ్చేసింది.

అక్టోబర్ 14

డాక్టర్ గొంతులోకి అద్దం పెట్టి చూశాడు. లోపల ఏమీ లేదట. "చుట్టూ ఉన్న కండరాలు పిడికిలి బిగించినట్టు ఉన్నాయి. ఇంట్లో టెన్షన్ ఏమైనా ఉందా?" అన్నాడు. లేదని కాగితం మీద రాసిచ్చాను. మెడ వెనక వేలితో నొక్కాడు. గొంతుంటే అరిచేదాన్ని.

ఉద్యోగం? బాగుంది. భర్త? బాగున్నారు. నిద్ర? నర్సులకి నిద్రేమిటని రాసి నవ్వాను.

అబద్ధం చెప్పలేదు. డాక్టర్‌కి చెప్పుకునేంత పెద్దది ఒక్కటీ లేదు. నేను ఇంగ్లీష్‌లోనే చెప్పినా పేషెంట్ అర్థం కానట్టు పక్క నర్సు మొహం చూడటం ఒక జబ్బా? ఎనభయ్యో నంబర్ రోడ్డు మీద లారీల మధ్య స్టీరింగ్ పట్టుకుని, ఇంటికొచ్చాక కూడా వేళ్ళు విప్పలేకపోవడం ఒక జబ్బా? ఆయన కంచం ముందుకి జరిపేసి "బావుంది" అని లేచిపోవడం? తెనాలి కాలేజీలో ఆయన కెమిస్ట్రీ చెప్పేరోజుల్లో, ఎదురొస్తే పిల్లలు సైకిల్ దిగి నడిచేవాళ్ళు. ఇక్కడ మీసాలు సరిగ్గా రాని సూపర్‌వైజర్ ఆయన కలిపిన రంగు చూసి "మళ్ళీ కలుపు" అంటాడట. ఆ సంగతి నాకు చెప్పింది ఆయన కాదు. అక్కడే పనిచేసే జగదీష్.

నా వీసా మీద వచ్చారు. నేను రమ్మన్నాను, వచ్చారు. ఆ మాట ఆయన ఒక్కసారి కూడా అనలేదు. అంటే బాగుండేదేమో.

మా హాస్పిటల్‌లోనే గురువారాలు ఏదో క్లాస్ ఉందట, వెళ్ళమన్నాడు డాక్టర్.

అక్టోబర్ 22, గురువారం

ఫిజికల్ థెరపీ రూమ్‌లో టేబుళ్ళు పక్కకి జరిపి నేలమీద చాపలు పరిచారు. నేర్పే ఆవిడ పేరు డోరిస్. అరవై దాటి ఉంటాయి, తెల్లటి జడ. నా పక్కన స్కూల్ బస్ డ్రైవర్ ఒకాయన, అవతల బ్యాంకులో పనిచేసే అమ్మాయి. అందరం వెల్లకిలా పడుకున్నాం. యూనిఫారంలో ఉన్నాను, నాకు సిగ్గేసింది.

పిడికిలి బిగించండి, వదలండి. భుజాలు చెవులదాకా ఎత్తండి, వదలండి. బిగించడం నాకు బ్రహ్మాండంగా వచ్చింది. డోరిస్ వచ్చి నా చెయ్యి పైకెత్తి పట్టుకుని, "బరువు నాకిచ్చెయ్యి" అంది. ఇచ్చాననే అనుకున్నాను. ఆవిడ తన చెయ్యి తీసేసింది. నా చెయ్యి గాల్లోనే నిలబడిపోయింది, కొయ్యలా.

ఇది వ్యాయామం. యోగా కాదు. ఇంట్లో ఓవర్‌టైమ్ అని రాసి చూపించాను.

నవంబర్ 5

మళ్ళీ వెళ్ళాను. ఊపిరి బయటికి వదిలేటప్పుడు తొందరపడొద్దంది. నేను అన్నిటికీ తొందరపడతాను.

నవంబర్ 15, ఆదివారం

కూటం అయ్యాక కిచెన్‌లో గిన్నెలు కడుగుతూ జ్ఞానమ్మ అక్కతో చెప్పాను, గుసగుసగా. గుసగుస వస్తోంది ఇప్పుడు. గుంటూరు నర్సింగ్ స్కూల్‌లో నాకు సీనియర్, ఈ దేశంలో నాకు తోబుట్టువు లాంటిది. ఆమెకి చెప్పకుండా ఏదీ చెయ్యను.

"నేలమీద పడుకుని కళ్ళు మూసుకుంటారా? ఎవర్ని తలుచుకుంటారు?" అంది.

"ఎవర్నీ కాదక్కా. కాళ్ళని, చేతుల్ని."

"మనసు ఖాళీగా పెడితే అందులోకి ఎవరొచ్చి కూర్చుంటారో నీకు తెలీదా నవోమీ? మనం వదిలేసి బయటికొచ్చిన యోగాలు, ధ్యానాల్లోకి ఈ తెల్లవాళ్ళు పోతుంటే, వాళ్ళ వెనకాల నువ్వు పోతావా?"

నేను ఆ గిన్నె కడిగి ఇంకోటి అందుకున్నాను. అక్క చెప్పిందేమో, వెళ్ళేముందు అయ్యగారు పిలిచి, కొన్నాళ్ళు పాటలకి విశ్రాంతి తీసుకోమ్మా అన్నారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు.

నవంబర్ 26

థాంక్స్‌గివింగ్ పండగ. డ్యూటీ.

డిసెంబర్ 10, గురువారం

మధ్యాహ్నం నుంచి మంచు. కంపెనీ తొందరగా మూసేస్తే, ఆయన నన్ను తీసుకెళ్దామని నేరుగా హాస్పిటల్‌కి వచ్చారు. నా వార్డులో అడిగితే కింద క్లాస్‌లో ఉందని చెప్పారట. తలుపు అద్దంలోంచి చూశారు. నేను కళ్ళు తెరిచేసరికి అద్దం అవతల ఆయన మొహం.

కార్‌లో చాలాదూరం వైపర్ల చప్పుడే.

"నిద్రపోయావు," అన్నారు.

"పోయానేమో," అన్నాను గుసగుసగా.

"నోరు తెరుచుకుని పడుకున్నావు. చిన్నపిల్లలా." అద్దం మీద ఆవిరి తుడుస్తూ, "ఇంట్లో నువ్వలా పడుకోగా నేనెప్పుడూ చూళ్ళేదు," అన్నారు.

అంతకంటే తిడితే బాగుండేది. ఓవర్‌టైమ్ సంగతి అడగలేదు. ఎవరెవరో మగవాళ్ళ మధ్య నేలమీద ఏమిటిది అనలేదు. నాకు నిద్ర పట్టే చోటు ఆయన లేని చోటు అని మాత్రం ఆయనకి తెలిసిపోయింది.

డిసెంబర్ 11

పొద్దున నేను "బెకీ" అని పిలిస్తే శబ్దం వచ్చింది.

1982 జనవరి 12, మంగళవారం

ఆయన్ని పగటి షిఫ్ట్‌లోకి మార్చారు. పెళ్ళయిన కొత్తల్లోలాగా ఇద్దరం ఒకే పూట ఇంట్లో ఉంటున్నాం. ఏం మాట్లాడుకోవాలో తెలియక ఇద్దరం బెకీతో మాట్లాడుతున్నాం.

ఇవాళ నేను కిరాణా సంచులతో పైకొస్తుంటే ఆయన రెండో అంతస్తు మలుపు దగ్గర రెయిలింగ్ పట్టుకుని నించున్నారు. ఆయాసం. "ఏమండీ?" అన్నాను. "ఏం లేదు, ఊపిరి పట్టేసినట్టుంటుంది ఈమధ్య," అన్నారు.

నాడి చూశాను. వేగంగా ఉంది. నాకు అర్థమైంది. నా గొంతు ఎలా బిగుసుకుందో ఈయన ఛాతీ అలా బిగుసుకుంది. ఇన్నేళ్ళ అవమానం ఎక్కడికి పోతుంది? "ఇది స్ట్రెస్ అండీ," అన్నాను. ఆయన నావైపు చాలాసేపు చూసి, "అయితే నాకూ నేర్పు," అన్నారు.

జనవరి 13

అన్నాలయ్యాక లివింగ్ రూమ్ కార్పెట్ మీద ఇద్దరం పడుకున్నాం. ఆయనకి తలకింద రెండు దిండ్లు కావాలన్నారు. డోరిస్ చెప్పినట్టే ఇంగ్లీష్‌లో చెప్పాను, భుజాలు కరిగిపోనివ్వండి అని. ఆయన కళ్ళు తెరిచి, "భుజాలు కరగవు నవోమీ, వెన్నపూసా అవి?" అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఆయనకీ వచ్చింది. నవ్వి దగ్గారు.

జనవరి 20

ఇప్పుడు ఆయనే చెబుతున్నారు, నేను పడుకుంటున్నాను. తెలుగులో. డోరిస్ మాటలన్నీ నన్నడిగి, ఒక్కొక్కదాన్నీ తిప్పి చూసి, తీసి పారేసి, వేరే మాట పెడతారు. "బస్తా దించినట్టు భుజాలు దించు. ఇంకా దించు. నీ బరువు నేలకి అప్పజెప్పు. అది మోస్తుంది, దానికి అలవాటే." క్లాస్‌రూమ్ గొంతు అది. తెనాలిలో వరండాలోంచి వినేదాన్ని. ఆ గొంతు విని ఆరేళ్ళయింది.

బెకీ కూడా వచ్చి మా కాళ్ళ దగ్గర పడుకుంది. "డాడీ, అప్పజెప్పు అంటే ఏంటి?" అని అడిగింది. "నీ చేతిలోది ఇంకొకళ్ళ చేతిలో పెట్టి, ఇంక నీది కాదని ఊరుకోవడం," అన్నారు.

జనవరి 31, ఆదివారం

బాగున్నాం. రాసుకోడానికి ఏం లేదు.

ఫిబ్రవరి 7, ఆదివారం

కూటం అయ్యాక కిచెన్‌లో గిన్నెలు కడుగుతూ నాకు తెలీకుండానే పాట ఎత్తాను. మాట ముందే వచ్చింది, పాడే గొంతు ఇవాళే. జ్ఞానమ్మ అక్క చేతిలో గుడ్డ అలాగే పట్టుకుని నించుండిపోయింది. హాల్లోంచి ఒకరిద్దరు అందుకున్నారు. ఆయన కిచెన్ గుమ్మం దగ్గరికొచ్చి కళ్ళు మూసుకుని విన్నారు.

కార్‌లో నేనే చెప్పాను, "మీవల్లే వచ్చింది." ఆయన నా చెయ్యి మీద చెయ్యి వేసి నడిపారు. రోడ్డు మీద మంచు, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టండి అనబోయి ఊరుకున్నాను.

ఫిబ్రవరి 16

మేజోళ్ళు విప్పితే ఆయన చీలమండల మీద గాడి పడింది. రోజంతా నించునే పని.

ఫిబ్రవరి 20, శనివారం

పడుకుంటే ఊపిరాడటం లేదని మూడో దిండు అడిగారు. కాసేపటికి అదీ చాలక రిక్లైనర్ పడక కుర్చీలోకి లేచిపోయారు. "నేను కూర్చునే చెబుతాలే, నువ్వు పడుకో," అన్నారు.

"ఒకసారి డాక్టర్‌కి చూపిద్దామండీ."

"ఈస్టర్ అయ్యాక చూద్దాం. ఇప్పుడిప్పుడే కొత్త షిఫ్ట్, సెలవడిగితే సూపర్‌వైజర్ మొహం మాడుస్తాడు."

సరే అన్నాను. ఈయన మొహంలో ఇప్పుడిప్పుడే వెలుగొచ్చింది, మళ్ళీ హాస్పిటళ్ళూ టెస్టులూ ఎందుకు అనిపించింది. సరే అన్నాను.

ఫిబ్రవరి 25

దగ్గు తగ్గలేదు. రంగుల వాసన.

మార్చి 4, గురువారం

హాస్పిటల్‌లో రాస్తున్నాను. నా హాస్పిటలే.

నిన్న సాయంత్రం మెట్ల మీద పడిపోయారు. అంబులెన్స్ వాళ్ళొచ్చేదాకా నేను చెయ్యాల్సినవన్నీ చేశాను. గుండె బాగా పెద్దదైపోయిందట, కండరం పల్చబడిందట. కొట్టుకుంటోంది కానీ నెట్టలేకపోతోంది. ఊపిరితిత్తుల్లో నీరు. హార్ట్ డాక్టర్ కుర్రాడు, మర్యాదగా అడిగాడు, "రాత్రుళ్ళు ఎన్ని దిండ్లు వేసుకుంటున్నారు?"

ఏ పేషెంట్ రెండో దిండు అడిగినా చార్ట్‌లో రాసేదాన్ని నేను. పాదాలు వాచాయేమో నొక్కి చూసేదాన్ని. పదిహేనేళ్ళుగా చూస్తున్నాను.

"నెల క్రితం తీసుకొస్తే?" అని అడిగాను.

"మందులు మొదలుపెట్టేవాళ్ళం. కొంత మెరుగ్గా ఉండేదేమో. ఉండకపోయేదేమో. నిజంగా చెప్పలేను."

నేను ఆయనకి ఊపిరి పీల్చడం నేర్పాను.

మార్చి 6, శనివారం

మాస్క్ తీసి కాసేపు మాట్లాడనిచ్చారు.

"స్ట్రెస్ కాదటగా," అన్నారు. నవ్వుతున్నట్టే ఉంది మొహం.

నేను ఆయన కాళ్ళు పట్టుకున్నాను. వాపుకి నా వేళ్ళు దిగబడ్డాయి.

"నన్ను క్షమించండి."

"నాకు తెలుసు నవోమీ, అది మామూలు ఆయాసం కాదని. మా నాన్నకీ ఇలాగే వచ్చింది. చెబితే నువ్వు నన్ను ఇక్కడ పడుకోబెడతావు. అక్కడ కార్పెట్ మీద బాగుంది. నేను చెబుతుంటే నువ్వు వింటున్నావు."

ఊపిరి అందక ఆగారు. మాస్క్ పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టి, "ఇవాళ నువ్వు చెప్పు," అన్నారు.

చెప్పాను. భుజాలు దించండి. ఇంకా దించండి. మానిటర్ వైపు చూడకుండా చెప్పాను. "అప్పజెప్పండి" దగ్గర మాత్రం ఆగిపోయాను. ఆ మాట అనలేదు.

మార్చి 8

తెల్లారుతుండగా వెళ్ళిపోయారు.

మార్చి 14, ఆదివారం

గొంతు మళ్ళీ పోతుందనుకున్నాను. పోలేదు. ఫ్యూనరల్ హోమ్ వాళ్ళతో మాట్లాడాను, తెనాలికి ఫోన్‌లో అరిచి చెప్పాను, సమాధి దగ్గర అందరికీ వందనాలు చెప్పాను. సిగ్గులేని గొంతు, గంటలా పలుకుతోంది.

జ్ఞానమ్మ అక్క ఈ నాలుగు రోజులూ మా ఇంట్లోనే ఉంది. వంట చేసింది, బెకీకి తల దువ్వింది. ఇవాళ వెళ్తూ, గుమ్మం దగ్గర, "మీ ఆయన్ని, మా ఆమోసు తమ్ముణ్ణి, నేలమీద పడుకోబెట్టి ఏవో చెప్పించావట. బెకీ అంది," అంది.

"పడుకోబెట్టాను అక్కా."

"ప్రార్థన చేయించాల్సింది."

"డాక్టర్‌కి చూపించాల్సింది," అన్నాను.

ఆమె నన్ను కావిలించుకుంది. ఇద్దరం ఏడవలేదు.

మార్చి 20, శనివారం

డోరిస్ వచ్చింది, ఓవెన్‌లో వండిందేదో గిన్నెలో పెట్టుకుని. కోటు విప్పకముందే అడిగేశాను. "మీ క్లాస్‌లో ఎప్పుడైనా చెప్పారా, ముందు డాక్టర్‌కి చూపించుకోండి అని?"

"మొదటి రోజే చెప్పాను. నీకు డాక్టర్ చెబితేనే కదా నువ్వొచ్చావు." ఆవిడ గొంతులో కోపం లేదు. "అతన్ని నా దగ్గరికి తీసుకొస్తే నేనూ అదే అడిగేదాన్ని. నువ్వు తీసుకురాలేదు."

నేను కుర్చీలో కూర్చున్నాను. ఆవిడ సింక్‌లో ఉన్న కప్పులు కడిగింది. కడిగి, తుడిచి, "మీ ఇంట్లో మీరు చేసుకున్నది నేను నేర్పింది కాదు నవోమీ. నేను నేర్పేది నిద్ర పట్టడానికి. మీరిద్దరూ చేసింది వేరే," అంది. వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 11

ఈస్టర్ అయ్యాక అన్నారు. ఈస్టర్ అయ్యింది.

ఏప్రిల్ 18

మెడ తిరగటం లేదు. ఇంజెక్షన్ ఇస్తుంటే సూది రెండుసార్లు గుచ్చాల్సొచ్చింది, పేషెంట్ నా మొహం చూశాడు.

ఏప్రిల్ 22, గురువారం

క్లాస్‌కి వెళ్ళాను. బెకీని ఇంట్లో ఒంటరిగా వదలడం ఇష్టంలేక వెంట తీసుకెళ్ళి, బయట బెంచీ మీద హోంవర్క్ చేసుకోమన్నాను.

డోరిస్ ఏమీ ప్రత్యేకంగా చూడలేదు. నా చాప నా చోటే ఉంది. పిడికిలి బిగించి వదలమంది, భుజాలు ఎత్తి వదలమంది. ఇంగ్లీష్ మాటలే. నాకు లోపల తెలుగులో వినిపించాయి. మొదట నీళ్ళు చెవుల్లోకి కారాయి. తర్వాత శబ్దం వచ్చింది. ఆ శబ్దం నాదేనని తెలియడానికి కాస్త సమయం పట్టింది. మా ఊళ్ళో ఆడవాళ్ళు ఏడ్చినట్టు, పేరు పెట్టి, పొడుగ్గా. పక్కన బస్ డ్రైవర్ కదల్లేదు. ఎవరూ లేవలేదు, ఎవరూ ఊరుకోమనలేదు. డోరిస్ మాత్రం చెప్పడం ఆపేసి, నా తల దగ్గర నేలమీద కూర్చుంది.

కార్‌లో బెకీ వెనక సీట్లో కూర్చుంది. ముందు సీట్లోకి రమ్మన్నా రాలేదు.

"అమ్మా, నువ్వు ఏడిస్తే బయటికి వినపడింది."

"అవును."

"ఇప్పుడు మంచిగా ఉందా?"

"లేదు."

నలభై ఆరో నంబర్ రోడ్డు ఎక్కాం. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అడిగింది. "డాడీ మనం చేసిన దానివల్ల పోయాడా?"

"కాదు. గుండె జబ్బు వల్ల. నేను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాల్సింది. తీసుకెళ్ళలేదు."

దానికి అబద్ధం చెప్పలేకపోయాను. తిడుతుందనుకున్నాను. సిగ్నల్ మారింది. చాలాదూరం పోయాక వెనకనుంచి చిన్నగా అంది.

"నేను చూశాను. స్కూల్ నుంచి వచ్చినప్పుడు డాడీ స్టెప్స్ మీద కూర్చుని ఉన్నాడు. చాలాసార్లు. మొహం వైట్‌గా. అమ్మకి చెప్పొద్దు, అమ్మకి స్ట్రెస్ వస్తుంది, గొంతు మళ్ళీ పోతుంది అన్నాడు. నేను చెప్పలేదు."

ఏదో షాపు పార్కింగ్ లాట్‌లోకి తిప్పి ఇంజిన్ ఆపేశాను. దిగి, వెనక తలుపు తీసి, దాని పక్కన కూర్చున్నాను. బ్యాగ్ ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, ఎదురుగా ఉన్న సీటు వెనక వైపు చూస్తోంది. పన్నెండేళ్ళ పిల్ల. భుజాలు చెవులదాకా లేచి ఉన్నాయి. ఎన్నాళ్ళనుంచి అలా ఉన్నాయో నాకు తెలీదు.

"ఆ బ్యాగ్ ఇలా ఇవ్వమ్మా," అన్నాను.

ఇవ్వడానికి చాలాసేపు పట్టింది.